మండలిలో ఓడినా ప్రభుత్వం ఎందుకు దిగిపోలేదు?

బ్రాడీపేట మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. పోయిన వారం తొమ్మిదో తరగతిలో పార్లమెంటరీ ప్రభుత్వం గురించి చెబుతుండగా వెనక బెంచీ నుంచి ఒక కుర్రవాడు వేసిన ప్రశ్నకు నేను అప్పటికప్పుడు చెప్పిన జవాబు నాకే రుచించలేదు. వాడు సరేనన్నట్టు తల ఊపాడు గానీ, ఆ తల ఊపడంలో ఒప్పుకోలు లేదని ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాడికి తెలియకుండా ఉంటుందా?

బోర్డు మీద ఎప్పటిలాగే రెండు గళ్లు గీశాను. ఒకదాంట్లో లోక్‌సభ, శాసనసభ. రెండోదాంట్లో రాజ్యసభ, శాసన మండలి. మొదటి గడి కింద "మంత్రిమండలి సమష్టిగా ఈ సభకే బాధ్యత వహిస్తుంది" అని రాసి దాని కింద రెండు గీతలు గీశాను. ఆ కుర్రవాడిది తుళ్లూరు వైపు ఊరు, రాజధానికి భూమి ఇచ్చిన కుటుంబం. కాబట్టి 2020 జనవరి సంగతులు వాడికి పుస్తకంలోంచి కాక ఇంట్లో పెద్దల మాటల్లోంచి తెలుసు. లేచి నిలబడి, "సార్, మూడు రాజధానుల బిల్లు మండలిలో ఆగిపోయింది కదా. అంటే ప్రభుత్వం ఓడిపోయినట్టే కదా. మరి మంత్రులు ఎందుకు రాజీనామా చేయలేదు? పైగా మండలినే రద్దు చేయాలని తీర్మానం చేశారు. ఓడినవాళ్లు ఉండి, ఓడించినవాళ్లు పోవడమేమిటి సార్?" అని అడిగాడు.

ప్రజలు ఎన్నుకున్న సభలో ఓడితేనే ప్రభుత్వం పోతుందని చెప్పాను. వెంటనే ముందు వరుసలో ఒక అమ్మాయి, "మండలికీ ఎన్నికలు ఉంటాయి కదా సార్, మీరు వేలికి సిరా గుర్తుతో బడికి వచ్చారు కదా" అంది. నిజమే. కృష్ణా–గుంటూరు ఉపాధ్యాయ నియోజకవర్గంలో నాకు ఒక ఓటుంది, పట్టభద్రుల నియోజకవర్గంలో మరొకటి ఉంది, శాసనసభకు అందరితో పాటు ఇంకొకటి ఉంది. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయనకు ఒక్క ఓటుంటే నాకు మూడున్నాయి. వాటిలో రెండింటికి ప్రభుత్వాన్ని దింపే శక్తి ఎందుకు లేదు? దిగువ సభ అని పేరుపెట్టి దానికే పైచేయి ఎందుకిచ్చారు? పార్టీల మంచిచెడ్డల జోలికి పోకుండా, ఒక పిల్లవాడికి చెప్పగలిగే రీతిలో ఎవరైనా వివరిస్తే కృతజ్ఞుడిని.

కృష్ణలంక విశ్రాంత విలేకరి:

మాస్టారూ, జవాబు మీ ప్రశ్నలోని ఇస్త్రీ బండి దగ్గరే ఉంది. ఆయనకున్న ఆ ఒక్క ఓటూ శాసనసభకు వేసేది. రాష్ట్రంలో వయోజనులందరికీ సమానంగా ఉన్నది అదొక్కటే. మండలిలోని 58 మందిని చూడండి: మూడో వంతు మందిని స్థానిక సంస్థల సభ్యులు, మూడో వంతు మందిని ఎమ్మెల్యేలు, పన్నెండో వంతు చొప్పున పట్టభద్రులు, ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు, మిగిలినవారిని గవర్నర్ నియమిస్తారు. సలహా చెప్పడానికి, తొందరపాటును ఆపడానికి అటువంటి సభ ఉండవచ్చు. కానీ ప్రభుత్వాన్ని దింపే శక్తి కూడా దానికే ఇస్తే, డిగ్రీ ఉన్న మీ మాటకు ఒక విలువ, ఆయన మాటకు మరొక విలువ కట్టినట్టవుతుంది. పైగా శాసనసభలా కొత్త ఎన్నికల కోసం మండలి మొత్తంగా ఎప్పుడూ రద్దు కాదు. రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతూ కొత్తవారు వస్తూ ఉంటారు. అందువల్ల నిన్నటి ఎన్నికల తీర్పు శాసనసభలో కనిపిస్తే, అంతకు ముందటి తీర్పు తాలూకు నీడ మండలిలో ఇంకా కొన్నాళ్లు ఉంటుంది. 2020లో సరిగ్గా అదే జరిగింది. శాసనసభలో 175 స్థానాలకు 151 ఒక పార్టీవి. మండలిలో మెజారిటీ అంతకు ముందు పాలించిన పార్టీది.

"దిగువ" అనే మాట గురించి: అది అధికారపు మెట్టు కాదు, పాత కాలపు సామాజిక హోదా. బ్రిటన్‌లో ప్రభువులు కూర్చునే సభ పైది, సామాన్యులు కూర్చునేది కిందిది. 1909లో ప్రభువుల సభ బడ్జెట్‌ను తిరస్కరించడంతో పెద్ద గొడవై, 1911 చట్టంతో ఆ సభ చేతుల్లోంచి డబ్బు వ్యవహారం తీసేశారు. పేరు మాత్రం మిగిలింది. మనవాళ్లు "పెద్దల సభ" అని అనువదించుకున్నారు. ఇంట్లో పెద్దలకు మర్యాద ఎక్కువ, ఖర్చుల మీద అజమాయిషీ తక్కువ అన్నది మీ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

మీ కుర్రవాడికి 2020 పక్కనే 1954 కూడా చెప్పండి. కర్నూలు రాజధానిగా, మీ గుంటూరులో హైకోర్టు పెట్టుకుని ఆంధ్ర రాష్ట్రం నడుస్తున్న రోజులవి. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి. మద్యనిషేధాన్ని ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. కల్లుగీత కార్మికుల ఆందోళన ఒకవైపు, సభలో చీలిన పక్షాలు మరొకవైపు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. సైమన్ కమిషన్ రోజుల్లో మద్రాసులో తుపాకీకి ఎదురు రొమ్ము చూపిన మనిషి ఆ ఒక్క ఓటుకు తలవంచి దిగిపోయారు. ఆ పైన రాష్ట్రపతి పాలన, 1955లో మళ్లీ ఎన్నికలు. అప్పటికి మనకు మండలి లేనే లేదు, 1958లో వచ్చింది. మేము రోజూ ఆయన పేరున్న బ్యారేజీ దాటుతుంటాం గానీ, ఆయన ప్రభుత్వం పడిపోయిన తీరు బెజవాడలో ఎంతమందికి గుర్తుందో సందేహమే.

1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం కూడా 269–270తో ఒక్క ఓటుకే పోయింది. ఆ రోజు స్పీకర్ స్థానంలో ఉన్నది మన అమలాపురం బాలయోగి గారు. ఒడిశా ముఖ్యమంత్రి అయినా ఇంకా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా లేదా అన్న వివాదం వస్తే, దాన్ని ఆయన మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా వేశారు.

గ్యాలరీలో కూర్చున్నవాడిగా ఒక్క మాట. మూజువాణి ఓటులో ఎవరి గొంతు పెద్దదైతే వారిదే నెగ్గినట్టు ఉంటుంది, చూసేవారికి అదొక తతంగం. ఎవరైనా డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, కోరారా, సభ రూపే మారిపోతుంది. గంట మోగుతుంది, లాబీల్లో కాఫీ తాగుతున్నవారు కప్పులు వదిలేసి పరుగెత్తి వస్తారు, తలుపులు మూస్తారు. వరుసకు వరుస లేచి నిలబడుతుంటే సిబ్బంది పెదవులు కదుపుతూ లెక్కపెడతారు. అప్పటిదాకా హోరెత్తిన సభలో ఆ రెండు నిమిషాలు ఎవరైనా దగ్గితే పై వరుసలో మాకు వినిపించేది. దిగువ సభ అంటే నాకు గుర్తొచ్చేది ప్రసంగాలు కావు, ఆ లెక్క.

అరండల్‌పేట న్యాయవాది:

విలేకరి గారి మాటతో ఏకీభవిస్తూనే ప్రశ్నలోని ఒక విషయాన్ని సవరించాలి. 2020 జనవరిలో మండలి ఆ బిల్లులను ఓడించలేదు. పరిపాలన వికేంద్రీకరణ బిల్లును (మూడు రాజధానుల బిల్లు అన్నది దీన్నే), రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) రద్దు బిల్లును శాసనసభ జనవరి 20న ఆమోదించి పంపగా, 22న మండలి చైర్మన్ తన విచక్షణాధికారాన్ని ఉపయోగించి వాటిని సభ్యుల పరిశీలనా సంఘమైన సెలక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. అది తిరస్కారం కాదు, ఆపడం. రాజ్యాంగం మండలికి ఇచ్చిందీ ఆ ఆపే శక్తినే, అదీ గడియారం పెట్టి. 197వ అధికరణం ప్రకారం మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు నిలపవచ్చు. శాసనసభ దాన్నే మళ్లీ ఆమోదించి పంపితే ఇంకొక్క నెల. ఆ నెల దాటితే మండలి ఔనన్నా కాదన్నా బిల్లు రెండు సభల్లోనూ నెగ్గినట్టే. పార్లమెంటులో రెండు సభలకూ పేచీ వస్తే ఉమ్మడి సమావేశం ఉంది, ఇప్పటికి 1961, 1978, 2002లో మూడు బిల్లుల కోసం జరిగింది. రాష్ట్రాల్లో అదీ లేదు. 2020 జూన్ నెలలో శాసనసభ ఆ రెండు బిల్లులను మళ్లీ ఆమోదించింది, నెల గడిచింది, జూలై 31న గవర్నర్ సంతకం చేశారు. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాలను వెనక్కి తీసుకుంది గానీ, అందుకు కారణం మండలి కాదు. అప్పటికి వ్యవహారం హైకోర్టు విచారణలో ఉంది.

ఇక "ఓడించినవాళ్లు పోవడమేమిటి" అన్న మాట. 2020 జనవరి 27న శాసనసభ మండలి రద్దు తీర్మానాన్ని 133 ఓట్లతో, వ్యతిరేకంగా ఒక్క ఓటూ లేకుండా ఆమోదించింది. ప్రధాన ప్రతిపక్షం ఆ రోజు సభకు రాలేదు. అయితే 169వ అధికరణం కింద శాసనసభ చేయగలిగింది కోరడం వరకే. రద్దు చేసే చట్టం పార్లమెంటు చేయాలి. 1985లో చేసింది, మండలి పోయింది. మళ్లీ పార్లమెంటు చట్టంతోనే 2007లో తిరిగి వచ్చింది. 2020 తీర్మానం ఢిల్లీలో అలాగే ఉండిపోయి, 2021 నవంబరులో శాసనసభే దాన్ని ఉపసంహరించుకుంది. కాబట్టి ఓడించినవాళ్లు పోలేదని, పొమ్మన్న సభకు పంపే అధికారం లేదని ఆ అబ్బాయికి చెప్పవచ్చు.

అసలు పట్టు డబ్బు దగ్గర ఉంది, మాస్టారూ, దానికి మీరే సాక్షి. 2020 జూన్ 17న మండలి నిరవధికంగా వాయిదా పడినప్పుడు ఖజానా నుంచి ఖర్చుకు అనుమతించే ద్రవ్య వినిమయ బిల్లు కూడా ఆమోదం పొందకుండానే మిగిలిపోయింది. ద్రవ్య బిల్లు విషయంలో మండలికి ఉన్న గడువు 14 రోజులు. ఆ 14 రోజులు గడిచి, గవర్నర్ ఆమోదం వచ్చేదాకా ఖజానా నుంచి కొత్త నెల చెల్లింపులు కదల్లేదు. ఆ జూలై ఒకటో తేదీన జీతం పడినట్టు మీ ఫోన్‌కు సందేశం వచ్చిందా? రెండు మూడు రోజులు ఆలస్యంగా వచ్చి ఉంటుంది. ఆ ఆలస్యమే మండలి శక్తికి కొలత. ఆ తర్వాత జీతం తప్పక పడటం శాసనసభ శక్తికి కొలత. అదే బిల్లు శాసనసభలో వీగిపోయి ఉంటే పద్నాలుగు రోజుల లెక్క ఉండేది కాదు, ప్రభుత్వమే ఉండేది కాదు. ప్రభుత్వ ఖజానా అయిన సంచిత నిధి నుంచి చట్టం లేకుండా ఒక్క రూపాయి తీయకూడదు, ఆ చట్టం మొదలయ్యేదీ తేలేదీ దిగువ సభలోనే. పద్దుల మీద మండలి చర్చించవచ్చు గానీ ఓటు వేయలేదు. ఇంటి తాళపుచెవులు ఎవరి బొడ్లో ఉన్నాయో చూస్తే పెత్తనం ఎవరిదో తెలిసిపోతుంది.

చాలామంది మరిచిపోయే అంశం ఇంకొకటి. ప్రభుత్వాన్ని కూల్చగల సభను రద్దు చేయమని సిఫారసు చేసే అవకాశం ముఖ్యమంత్రికీ ఉంది. కూల్చిన సభ్యుడు మర్నాడే ఓటర్ల ముందుకు వెళ్లవలసి రావచ్చు. మండలికి ఆ భయం లేదు, శాసనసభలా ఎన్నికల కోసం రద్దు కాదు కనుక. పోయేది ఏమీ లేని సభ చేతికి కూల్చే ఆయుధం ఇవ్వకపోవడంలో న్యాయం ఉంది.

వన్‌టౌన్ వ్యాపారి:

పెద్దలు చెప్పిన అధికరణాలన్నీ నిజమే అయి ఉండవచ్చు. కానీ పిల్లలకు సగం నిజం చెప్పకండి. మంత్రిమండలి సభకు బాధ్యత వహిస్తుందని బోర్డు మీద రాశారు. నా కంటికి సభే మంత్రిమండలికి బాధ్యత వహిస్తున్నట్టు కనిపిస్తుంది. టికెట్టు ఇచ్చేది నాయకుడు, గెలిపించేది నాయకుడి బొమ్మ, ఇలాగే ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం, అంటే విప్, జారీ చేసేది నాయకుడి మనిషి. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం కింద విప్‌ను కాదని ఓటు వేస్తే సభ్యత్వమే పోతుంది. అటువంటి సభ్యుడు ముఖ్యమంత్రిని లెక్కలు అడగడం, గుమాస్తా కొట్టు యజమానిని లెక్కలు అడిగినట్టే ఉంటుంది. 2019లో 175కు 151, 2024లో 175కు 164 ఒకే కూటమివి. ఈ అంకెల్లో అవిశ్వాసం అన్న మాటకు అర్థమేమిటి? బడ్జెట్ పద్దుల్లో సగం చర్చ లేకుండానే చివరి రోజు గిలెటిన్ కింద, అంటే మిగిలినవన్నీ కలిపి ఓటుకు పెట్టి, ఒక్క గుక్కలో వెళ్లిపోతాయి.

లోక్‌సభ సంగతి కూడా మనం చూసినదే. 2014 జనవరి 30న మన శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఎవరు విన్నారు? ఫిబ్రవరి 18న తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో బిల్లు నెగ్గింది. అంతకు ముందు 13న మా విజయవాడ ఎంపీయే సభలో మిరియాల స్ప్రే కొట్టారు. ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటన చేశారు. నాలుగేళ్ల తర్వాత 2018 జూలై 20న అదే విషయం మీద అవిశ్వాసం పెడితే 325–126తో వీగిపోయింది. ఉదయం నుంచి రాత్రి దాకా కొట్లో టీవీ పెట్టుకుని చూశాను, ఆ రోజు బేరాలు కూడా సరిగా సాగలేదు. చివరికి ఏం మిగిలింది? అంకెలు ముందే తెలిసిన పందెం కోసం పన్నెండు గంటలు కూర్చున్నాం.

తెనాలి అధ్యాపకురాలు:

వ్యాపారి గారూ, మీ గుమాస్తా పోలిక తరగతిలో వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి. అందులో సగం మాత్రం ఒప్పుకోలేను.

ముందు 2018 సంగతి. ఆ తీర్మానం ప్రభుత్వాన్ని కూల్చుతుందని ప్రతిపాదించినవారు కూడా అనుకోలేదు. హోదా హామీ ఇచ్చింది రాజ్యసభలో, చట్టంలో అది లేదు. రాజ్యసభలో ఇచ్చిన మాటకు అక్కడే ప్రభుత్వాన్ని నిలదీసి ఓటుకు పెట్టే దారి లేదు, ఎందుకంటే అవిశ్వాసం అనే పనిముట్టు ఆ సభకు లేదు. అందుకే పై సభలో ఇచ్చిన మాటను కింది సభలో అడగవలసి వచ్చింది. నోటీసు ఇచ్చింది విజయవాడ ఎంపీ, చర్చ మొదలుపెట్టింది గుంటూరు ఎంపీ. దానికి 50 మంది సభ్యుల మద్దతు కావాలి. మార్చిలో ఇచ్చిన నోటీసులు సభ సజావుగా లేదన్న కారణంతో చర్చకే రాలేదు. జూలైలో వచ్చింది. ప్రధాని స్వయంగా లేచి హోదా గురించి జవాబు చెప్పవలసి వచ్చింది. ఆ జవాబు మనకు నచ్చిందా లేదా అన్నది వేరు. ఏ పత్రికా సమావేశంలోనూ తప్పించుకోగల మనిషి తప్పించుకోలేని చోటు ఒకటి ఉండటం దిగువ సభ చేసే పని. అంకెలు ముందే తెలుసని మీరన్నారు. ఎవరు ఏ వైపు ఉంటారో, ఎవరు లేచి బయటకు పోతారో, ఎవరు గైర్హాజరవుతారో మాత్రం ఆ రాత్రే తేలింది.

రెండోది, పెద్ద మెజారిటీ. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ గారి పార్టీకి 294కు 216 స్థానాలు వచ్చాయి. 1995 ఆగస్టు 31న ఆయన రాజీనామా చేశారు. తొమ్మిది నెలలు కూడా నిండలేదు. ప్రతిపక్షం బలం అందులో ఏమీ లేదు, సొంత పార్టీ ఎమ్మెల్యేలే అటు తిరిగారు. అందుచేత 151, 164 అనే అంకెలు ఎదుటి బెంచీల నుంచి రక్షిస్తాయి గానీ, వెనక బెంచీల నుంచి కాదు. తెలివైన ముఖ్యమంత్రులకు ఇది తెలుసు. కొత్తగా గెలిచిన ఎమ్మెల్యే పంపిన సిఫారసు లేఖకు సచివాలయంలో జవాబు దొరకడానికి కారణం మర్యాద ఒక్కటే కాదు.

1984 చూడండి. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు గారితో ప్రమాణం చేయించారు. బలం ఎవరికుందో సభలో తేల్చకుండా రాజ్‌భవన్‌లో తేల్చారు. రాష్ట్రం అట్టుడికింది, ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి కాపాడుకోవలసి వచ్చింది, సరిగ్గా నెలకు సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. పదేళ్ల తర్వాత 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు, మెజారిటీ పరీక్ష సభ లోపలే జరగాలని చెప్పింది. మనవాళ్లు వీధుల్లో చెప్పిన మాటే తీర్పులోకి వచ్చిందని నేను తరగతిలో కొంచెం గర్వంగానే చెబుతుంటాను.

విప్ గురించి మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇప్పుడున్న చట్టంలో ఏ ఓటు మీదైనా విప్ జారీ చేయవచ్చు. ధిక్కరించిన సభ్యుడిని పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే తప్ప అనర్హత వెంటాడుతుంది. విశ్వాసం, డబ్బు వంటి ప్రభుత్వ ప్రాణానికి సంబంధించిన ఓట్లకే దీన్ని పరిమితం చేయాలని 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ సిఫారసు చేసింది. ఎవరూ ముట్టుకోలేదు. పాఠశాల సమయాల బిల్లు మీద కూడా చేతులు కట్టేసుకుని ఓటు వేయవలసిన సభ, తన పని సగం వదిలేసినట్టే. అలాగని విప్ అసలు లేకపోతే ఏమవుతుందో 1993 జూలై చూపింది: పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద అవిశ్వాసం 251–265తో వీగింది, ఆ ఓట్లలో కొన్నిటి వెనక డబ్బు మారిందన్న కేసు నడిచింది. సభలో ఓటుకు లంచం తీసుకున్నా రక్షణ ఉంటుందన్న 1998 తీర్పును సుప్రీంకోర్టు 2024 మార్చిలో గానీ తోసిపుచ్చలేదు.

వన్‌టౌన్ వ్యాపారి:

అమ్మా, పోలిక నిరభ్యంతరంగా వాడుకోండి. 1993లో విప్ లేకపోవడం కాదు, ఉన్నా అమ్ముడుపోయారని చిన్న సవరణ. ఫిరాయింపుల చట్టం అప్పటికి ఎనిమిదేళ్లుగా ఉంది. 216 మాట మాత్రం నన్ను కాసేపు ఆలోచింపజేసింది. అయినా 1995లో నిర్ణయం జరిగింది సభలో కాదు, హుస్సేన్‌సాగర్ ఒడ్డున హోటల్లో.

తెనాలి అధ్యాపకురాలు:

సవరణ న్యాయమే, అక్కడ నా వాక్యం జారింది. హోటల్ సంగతీ నిజమే. కానీ ఆ హోటల్లో గదులు ఎవరికి తీశారు? పారిశ్రామికవేత్తలకు కాదు, కలెక్టర్లకు కాదు, మండలి లేదు కాబట్టి ఎమ్మెల్సీలకూ కాదు. లెక్కకు వచ్చే తలలు ఏ సభలో ఉన్నాయో ఆ తలల కోసమే గదులు.

బ్రాడీపేట మాస్టారు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. న్యాయవాది గారు అడిగిన జీతం సందేశం నిజంగానే ఆలస్యంగా వచ్చింది. ఆ నెల చీటీ డబ్బు సర్దుబాటు కోసం బావమరిదికి ఫోన్ చేయడం గుర్తుంది. ఇన్నాళ్లూ దాన్ని కరోనా ఖాతాలో రాసుకున్నాను.

నిన్న తరగతిలో ఉపన్యాసం మానేసి వేరే పని చేశాను. తరగతి మొత్తాన్ని శాసనసభ అనుకోమని, తరగతి లీడరు అమ్మాయిని ముఖ్యమంత్రిని చేశాను. పక్క గదిలోని పదో తరగతి నుంచి ఆరుగురిని పిలిచి, మీరు మండలి అని గోడవారగా కూర్చోబెట్టాను. బిల్లు ఏమిటంటే శుక్రవారం ఆటల పీరియడ్ తీసేసి లెక్కల పీరియడ్ పెట్టడం. మండలి దాన్ని ఆపింది. సభ మళ్లీ ఆమోదించింది. గడువు దాటింది, బిల్లు నెగ్గింది, పదో తరగతివాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక తుళ్లూరు కుర్రవాడు లేచి, ఆటల పీరియడ్ తీసేసిన ముఖ్యమంత్రి మీద అవిశ్వాసం అన్నాడు. ఎవరూ చెప్పకుండానే వాడికి ఏ సభలో లేవాలో తెలిసిపోయింది.

డివిజన్ పెట్టాను. విలేకరి గారు చెప్పినట్టే వరుసకు వరుస నిలబెట్టి లెక్కించాను, నిజంగానే గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అటు పద్దెనిమిది, ఇటు పద్దెనిమిది. స్పీకరుగా కూర్చోబెట్టిన పిల్ల బిక్కమొహం వేసి నా వైపు చూసింది. ఓట్లు సమానమైతేనే స్పీకరు ఓటు వేయాలని మాత్రం చెప్పగలిగాను. "ఏ వైపు వేయాలి సార్?" అంది. గంట కొట్టడంతో బతికిపోయాను. సోమవారం లోగా ఎవరైనా చెప్పండి.

అరండల్‌పేట న్యాయవాది:

రాజ్యాంగంలో ఏ వైపు అన్నది రాసి లేదు, మాస్టారూ. 189వ అధికరణం నిర్ణాయక ఓటు ఉందని మాత్రమే చెబుతుంది. సంప్రదాయం ప్రకారం స్పీకరు తన ఒక్క ఓటుతో ఉన్న స్థితిని మార్చడు. మార్పు కావాలంటే సభలోనే మెజారిటీ రావాలి. కాబట్టి మీ స్పీకరు పాప తీర్మానానికి వ్యతిరేకంగా వేస్తుంది, లీడరమ్మాయి ప్రభుత్వం నిలుస్తుంది, శుక్రవారం లెక్కల పీరియడే ఉంటుంది. తుళ్లూరు అబ్బాయి ఇంకొక్కడిని తన వైపు తిప్పుకొని రావాలి.